ఎదురు పాట

ఐసు దిమ్మలు సరిగా గట్టిపడడం లేదని ఫిర్యాదు చేయడానికి పోయిన నెలలో ఒక బోటు యజమాని మా ఐసు ఫ్యాక్టరీ ఆఫీసుకు వచ్చాడు. ఉప్పునీటి తొట్టి ఉష్ణోగ్రత ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉన్న మాట నిజమేననీ, కంప్రెసరు వాల్వు మార్పిస్తున్నామనీ చెప్పాను. అతను లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"అన్నట్టు బాబూ, అప్ప పోనాది. మొన్న ఆదోరం."

"ఏ అప్ప?"

"అదే, సినిమా అప్ప" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె ఏ సినిమాలోనూ నటించలేదు. ఆ మాట అన్న మనిషి కూడా ఆ సంగతి ఎరుగును. అయినా ఫిషింగ్ హార్బరులో చివరికి ఆమెకు మిగిలిన పేరు అదే. అసలు పేరు నాకు తెలియదు. అడగవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇక్కడివాళ్ళు అక్కను అప్ప అంటారు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన నాకు మొదట్లో ఆ పిలుపు నోట ఆడేది కాదు. ఆమెను చూసిన తరువాత మరో పిలుపు తోచలేదు.

ఆమె పని పాట పెట్టడం. మా హార్బరులో వేలాన్ని పాట అంటారు. తెల్లవారకముందే బోట్లు వస్తాయి. జెట్టీ మీద చేపలనూ రొయ్యలనూ గుట్టలుగా పోస్తారు. కొనేవాళ్ళు గుట్ట చుట్టూ నిలబడతారు. పాట పెట్టే మనిషి గుట్ట పక్కన నిలబడి ధర పలుకుతుంది. కాగితం లేదు, సంతకం లేదు. ఒక ధరను మూడుసార్లు పైకి పలికిన తరువాత ఎదురు పాట రాకపోతే ఆ ధర ఖాయం. మూడోసారికి ఊరుకున్నవాడు ఒప్పుకున్నట్టే. తరువాత ఎవరు గొణిగినా చెల్లదు. నేను చదువుకున్న ఏ ఒప్పంద పత్రమూ ఇంత తక్కువ పదాలతో ఇంత పకడ్బందీగా లేదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. తక్కినవాళ్ళు సరుకు గొప్ప చెప్పి పాట మొదలుపెడితే, ఆమె లోపం చెప్పి మొదలుపెట్టేది. గుట్టలో మోచేతి దాకా చేయి దూర్చి, అడుగున ఉన్నదాన్ని పైకి తీసి, అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకొనేది.

"ఇదిగో సూడండి. అడుగున కొన్ని మెత్తబడినాయి. ఐసు ఆలస్యమైనాది. పైనున్నయ్యి గట్టివే. ఇష్టమైనోడు పాడండి, కష్టమైనోడు ఎల్లిపోండి."

సరుకు యజమాని పళ్ళు నూరుకొనేవాడు. "నా సేపకి నువ్వు సావు సదువుతావేటప్పా?" అని ఒకడు అడగడం నేను విన్నాను.

"సచ్చిపోయిందానికే కదరా సదువుతారు, తమ్ముడూ" అన్నది.

అయినా బోటువాళ్ళు ఆమె చేతనే పాట పెట్టించుకొనేవాళ్ళు. కారణం సులభం. సరుకు గట్టిదని ఆమె అంటే ముట్టి చూడకుండా కొనేవాళ్ళు ఉండేవాళ్ళు. యాభై ఏళ్ళ మనిషి, నల్లగా, పొట్టిగా, కుడి భుజం కాస్త కిందికి వాలి ఉండేది. గొంతు మాత్రం జెట్టీ ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది. అది అరుపు కాదు. ఇంజన్ల మోత ఏ స్థాయిలో ఉందో కనిపెట్టి, దాని మీదుగా మాటను పంపేది.

జెట్టీ ఎదురుగా టీ కొట్టులో ఒక రేడియో ఉండేది. పాట ముగిశాక ఆమె అక్కడ బల్ల మీద కూర్చొని టీ తాగుతూ రేడియోతో తగాదా పడేది. ఇది పరిహాసం కాదు. సబ్బు ప్రకటన వస్తే ఆమె దాని మొహం చూసి అడిగేది:

"సరే, మంచిదే. లోపం సెప్పవేటి?"

రేడియో తరువాతి ప్రకటనకు వెళ్ళిపోయేది.

"సూసినావా బాబూ, ఎలగ తప్పించుకున్నాదో" అనేది నా వైపు తిరిగి. "సెవులు నేని నోరది. అడిగితే ఇనదు. ఇననోడు సెప్పింది నానెందుకినాల?"

సినిమా ప్రచారపు జీపు మైకు పెట్టుకొని వచ్చినా ఇదే వరస. జీపుకు అడ్డంగా నిలబడి, "ఎవులడిగేరు? ఎవులికి సెప్తన్నావ్? దిగి సెప్పు" అనేది. డ్రైవరు హారను కొట్టేవాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వి చేతులు పట్టుకొని పక్కకు లాగేవాళ్ళు. నేనూ నవ్వాను. ఈ వింత ధోరణికి అడుగున ఒక నియమం ఉందని అప్పట్లో నాకు తట్టలేదు. పైకి చెప్పిన ప్రతి మాటకూ ఎదురు చెప్పే చోటు ఉండాలని ఆమె నమ్మకం. అలాంటి చోటు లేనిచోట పుట్టిన మాటను ఆమె మాటగా గుర్తించేది కాదు.

డెబ్బైల చివరలో రొయ్యలకు విదేశాల్లో గిరాకీ పెరిగింది. ఎగుమతి చేసే ఒక కంపెనీ హార్బరులో అడుగుపెట్టింది. ఇప్పుడు ఆ కంపెనీ లేదు, పేరు అక్కరలేదు. వాళ్ళకు పాట నచ్చలేదు. రోజుకొక ధర, పదిమంది ముందు బేరం వాళ్ళ లెక్కలకు కుదరవు. బోటు యజమానులతో విడివిడిగా మాట్లాడి, సీజనంతటికీ ఒకే ధర కట్టి, రొయ్యను జెట్టీ మీద పోయకుండానే నేరుగా తమ షెడ్డుకు తరలించాలని వాళ్ళ ఉద్దేశం. యజమానులు అటూ ఇటూ ఊగుతూ ఉన్నారు. చాలామంది అప్ప ఏమంటుందోనని చూస్తున్నారు. ఆ సంగతి కంపెనీకి కూడా తెలిసింది.

ఒక ఉదయం కంపెనీవాళ్ళు కెమెరాతో జెట్టీ మీదికి వచ్చారు. ఆ సమయానికి నేను కంప్రెసరు గదిలో ఉన్నాను. పని ముగించుకొని బయటికి వచ్చేసరికి ఆమె ఐసు కోసం మా గుమ్మం దగ్గర నిలబడి ఉంది, ముఖం వెలుగుతోంది.

"సెప్పేసినాను బాబూ, కంపెనీకి. మూడుసార్లు సెప్పేసినాను."

"ఏం చెప్పారు?"

"రొయ్య కొనుక్కోండి, కాదన్ను. గాని పాటలో కొనండి. పదిమంది ముందర పైకి సెప్పి కొనండి. సాటుగా రేటు కట్టకండి. ఇలగని మూడుసార్లన్నాను. ఎదురు నేదు. ఖాయమైపోనాది."

"ఎదురు ఎవరు చెప్పాలి, అప్పా? అక్కడ కంపెనీ మనిషెవరు?"

"కెమెరా ఎనకాతల బాబు. సెప్పిన ప్రతిసారీ తలూపేడు."

ఆ కెమెరా ఎలా ఉందో అడిగాను. చేతిలో ఇమిడేది, పక్కన కీ తిప్పేది, తిరిగేటప్పుడు గరగరమనేది అని వర్ణించింది. మైకుగానీ, దానికి తగిలించిన తీగగానీ ఉన్నదా అని అడిగాను. లేదన్నది. అటువంటి కెమెరా బొమ్మను మాత్రమే పట్టుకుంటుందనీ, మాట అందులో పడదనీ చెప్పాను.

ఆమె నా వైపు జాలిగా చూసింది.

"నోరు కదిలితే మాట రాకుండా ఎక్కడికి పోద్ది బాబూ? తలూపేడని సెప్తన్నాను కదా."

తల ఊపడం, బొమ్మ బాగా వస్తోంది, అలాగే కానివ్వండి అని చెప్పడానికి కెమెరామన్ చేసే సంజ్ఞ. జెట్టీ మీద తల ఊపడానికి అర్థం వేరు, ఒప్పుకున్నానని. ఆ రెండు అర్థాల నడుమ ఎంత దూరం ఉందో ఆమెకు తెలిసే అవకాశం లేదు.

కొన్ని నెలల తరువాత పట్నంలోని సినిమా హాళ్ళలో ఇంటర్వెల్‌కు ముందు కంపెనీ వారి చిన్న ప్రచార చిత్రం వేయడం మొదలుపెట్టారు. చూసిన ఆడవాళ్ళు పరుగున వచ్చి చెప్పారు. అప్ప తలంటుకొని, మంచి చీర కట్టుకొని, ఇరుగుపొరుగు వాళ్ళను వెంటబెట్టుకొని మ్యాట్నీకి వెళ్ళింది. మర్నాడు పాట పెట్టడానికి రాలేదు. ఆ తరువాతి రోజు మా ఆఫీసుకు వచ్చింది.

"నోరు నాదే బాబూ. గొంతు నాది కాదు. మాట నాది కాదు. నా నోట్లోకి ఇంకో ఆడది దూరి మాట్లాడతన్నాది."

నేను ఆ ఆదివారం వెళ్ళి చూశాను. తెర మీద ఆమె ముఖం పెద్దదిగా, నిజంగా అందంగా ఉంది. పెదవులు కదులుతున్నాయి. వాటికి సరిపోయేలా ఒక తీయని స్త్రీ కంఠం, పుస్తకాల తెలుగులో, ఇలా అంటోంది: "ఇప్పుడు మాకు కేకలు వేసే పని లేదు. కంపెనీ మా ముంగిటికే వచ్చి న్యాయమైన ధర ఇస్తోంది. మా బతుకు చల్లగా ఉంది." వాక్యాల పొడవును పెదవుల కదలికకు కొలిచి కుట్టారు. పనితనంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఆమె కంపెనీ ఆఫీసుకు వెళతానంటే తోడు వెళ్ళాను. వాళ్ళు మా దగ్గర ఐసు కొంటారు కనుక లోపలికి రానిచ్చారు. ప్రచార అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆమెకు కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు.

"నా మాట నాకిచ్చీండి బాబూ."

"మీ మాట మా దగ్గర లేదమ్మా."

"అదెలగ? మూడుసార్లు సెప్పినాను."

"మీరు చెప్పే ఉంటారు. మేము రికార్డు చేయలేదు. మీ మాట మార్చామని మీరు అనుకుంటున్నట్టున్నారు. మార్చడానికి అది అసలు మా దగ్గర ఉంటే కదమ్మా! సినిమాలో ఉన్నది మా మాట. మీ ముఖం బాగుందని పెట్టాం."

ఆమె నా వైపు చూసింది. అతను చెబుతున్నదానిలో సాంకేతికంగా అబద్ధం లేదని నా ముఖంలో ఆమెకు కనిపించి ఉంటుంది. బయటికి నడిచింది. మెట్ల మీద అన్నది:

"ఎదురు పాట పెట్టకపోతే సరుకు ఆళ్ళదైపోద్ది."

ఆ తరువాత ఆమె చేసిన పనిని హార్బరు ఈనాటికీ నవ్వుతూ చెప్పుకుంటుంది. నేను ఒక మ్యాట్నీలో స్వయంగా చూశాను. ప్రచార చిత్రం మొదలైంది. బోట్లు, ఐసు, తెల్ల టోపీలు పెట్టుకున్న పనివాళ్ళు కనిపించారు. ఆమె ముఖం తెర మీదికి రాగానే ఆడవాళ్ళ తరగతిలో ఆమె లేచి నిలబడింది. జెట్టీ మీద వాడే గొంతుతో మొదలుపెట్టింది.

"ఆ మాట నాది కాదు. నానలగనలేదు. రొయ్య కొనుక్కోండి, కాదన్ను, గాని పాటలో..."

అప్పటికే తెర మీద ఆమె ముఖం పోయి పళ్ళపొడి ప్రకటన వచ్చింది. ఫిల్ము ఒకే వేగంతో నడుస్తుంది; ఎదుటివాడు ముగించాడా లేదా అన్నది దానికి సంబంధం లేని విషయం. ఆమె మాట ఒకసారి పూర్తి కావడానికి పట్టే కాలం కన్నా తెర మీద ఆమె ముఖం ఉండే కాలం తక్కువ. మూడుసార్లు అనడం ఏ విధంగానూ సాధ్యం కాదు.

బెంచీల నుంచి ఒకడు, "అప్పా, పాటెంత?" అని అరిచాడు. హాలంతా నవ్వింది. ఇంకొకడు, "ఒకటోసారీ..." అని రాగం తీశాడు. ఆమె పళ్ళపొడి వెలుగులో నిలబడే ఉంది. గేటు దగ్గర టిక్కెట్లు చింపే మనిషి వచ్చి ఆమెను బయటికి తీసుకువెళ్ళాడు.

ఆమె మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ప్రేక్షకులకు అలవాటయింది. ఆమె లేచే సమయానికి ముందే ఈలలు మొదలయ్యేవి. ఒక రోజు హాలు మేనేజరు గేటు దగ్గర నిలబడి చాలా గౌరవంగా, "అప్పా, మీకు టిక్కెట్టు అక్కరలేదు, లోపలికి వెళ్ళండి. మీరు రాకపోతే జనం అడుగుతున్నారు" అన్నాడు.

ఆమె గేటు దగ్గరి నుంచే తిరిగి వచ్చేసింది. ఇక వెళ్ళలేదు. హాలువాళ్ళు ఆమెను గెంటినన్నాళ్ళూ తన మాటకు ఎక్కడో బలముందని ఆమెకు ఆశ ఉండేది.

హాలులో జరిగినది నవ్వులతో పోయింది. జెట్టీ మీద జరిగినది అలా పోలేదు. ఒక తెల్లవారుజామున ఐసు లారీ దింపిస్తూ నేను అక్కడే ఉన్నాను. ఆమె రొయ్యల గుట్టలో చేయి పెట్టి లోపం చెప్పబోతుండగా ఒక బోటు యజమాని అడ్డం వచ్చాడు. ఆమెకు వరసకు తమ్ముడు. కెమెరా వచ్చిన రోజు ఆమె పక్కనే నిలబడినవాడు.

"ఒగ్గీ అప్పా, ఒదిలీ. నా రొయ్య కంపెనీ షెడ్డుకెల్లిపోద్ది. మాటైపోనాది."

"పాట నేకుండానే?"

"నువ్వే కదేటి పాటొద్దన్నావు, సినిమాలో? ఊరంతా ఇన్నారు."

"ఆ దినం నువ్వు నా పక్కనే ఉన్నావు. నానేటన్నాను? పదిమంది ముందర సెప్పు."

అతను గుట్ట వైపు చూశాడు. కొనేవాళ్ళ వలయం మొత్తం ఆగి వింటోంది.

"ఇంజన్ల గోలలో ఏటినపడ్డాదప్పా. పెదాలు కదిల్నాయి. నానదే సూసినాను."

ఆమె మిగిలినవాళ్ళ వైపు తిరిగింది. "మీరు? నువ్వు? నువ్వో, బావా?"

మొదట్లో, చిత్రం వచ్చిన కొత్తలో, వీళ్ళలో కొందరు ఆమె అన్నది తాము విన్నామని నాతోనే చెప్పారు. ఈలోగా వాళ్ళలో చాలామంది కంపెనీతో మాట కలిపారు. ఆ ఉదయం ఎవరూ పెదవి విప్పలేదు. ఆమె మరోసారి అడిగింది. కాస్త ఆగి ఇంకొకసారి అడిగింది. మూడోసారి తరువాత నిశ్శబ్దానికి అర్థమేమిటో వాళ్ళకు నేర్పవలసిన పని లేదు. ఆమె చేయి కడుక్కొని వెళ్ళిపోయింది.

ఆ సీజను ముగిసేలోగా జెట్టీ మీద రొయ్యల పాట ఆగిపోయింది. మరుసటి సీజనుకు కంపెనీ ధర తగ్గించినప్పుడు యజమానులు గొణిగారు; ఎదురు పాట పెట్టడానికి పాటే లేదు. ఇంకొన్నేళ్ళకు కంపెనీ మూతపడింది. పాట మాత్రం తిరిగి రాలేదు. కంపెనీ స్థానంలో అదే పద్ధతి నేర్చిన మరో ఇద్దరు వ్యాపారులు వచ్చారు. చిన్నచేపల గుట్టలకు ఇప్పటికీ పాట పెడతారు. ఆమెను ఎవరూ పిలవలేదు. సినిమాలో ఒకటీ బయట ఒకటీ చెప్పే మనిషి గట్టిదంటే ముట్టకుండా కొనేదెవరు?

ఎనభైలలో పట్నానికి టీవీ వచ్చింది. బోటు యజమానులు చందా వేసుకొని తమ షెడ్డులో ఒకటి పెట్టించారు. సాయంత్రాలు అక్కడ జనం వరుసలుగా, అందరూ ఒకే దిక్కుకు తిరిగి కూర్చొనేవాళ్ళు. నాకు జెట్టీ మీది పాత వలయం గుర్తుకు వచ్చేది. వలయంలో నిలబడితే ప్రతి మనిషికీ ఎదుట ఇంకొక మనిషి ముఖం ఉంటుంది. వరుసలో కూర్చుంటే ముందువాడి వీపు తప్ప ఏమీ కనిపించదు. ఈ దేశం వలయం విడిచి వరుసల్లోకి మారిపోతున్న కాలంలో నేను ఉద్యోగం చేశాను. మార్పును ఆపగల యంత్రం ఏదీ నా చదువులో లేదు.

ఆ రోజుల్లోనే నేను ఒక క్యాసెట్ రికార్డరు కొన్నాను. ఆమె నిజంగా అన్న మాట ఆమె గొంతులో ఒక్కచోటైనా ఉండాలనిపించి, ఒక ఆదివారం మల్కాపురంలో కూతురి ఇంట ఉంటున్న ఆమె దగ్గరికి తీసుకువెళ్ళాను. బాగా చిక్కిపోయింది. వాకిట్లో నులకమంచం మీద కూర్చొని ఉంది. రికార్డరులో మైకు ఎక్కడ ఉందో చూపించాను. ఆమె మాట పట్టి, వెంటనే ఆమెకు వినిపించాను. "ఇది నయం" అన్నది.

"ఆ రోజు జెట్టీ మీద కెమెరా ముందు ఏమన్నారో అది చెప్పండి అప్పా" అని మీట నొక్కాను.

ఆమె సర్దుకొని కూర్చుంది. కుడి భుజం వాల్చి, పాట మొదలుపెట్టేటప్పటిలా ఊపిరి పీల్చింది.

"ఇప్పుడు మాకు కేకలు ఏసే పని నేదు" అన్నది. "కంపెనీ మా ముంగిటికే..."

ఆగిపోయింది. నన్ను చూసింది. మళ్ళీ మొదలుపెట్టబోయి పెదవులు బిగించుకుంది. తన మాటతో కొట్టివేయడానికి ఆ వాక్యాలను ఎన్ని ఆటల్లో నిలబడి విన్నదో! చివరికి అవే మిగిలాయి.

"నానేటన్నాను బాబూ?"

నేను చెప్పాను. రొయ్య కొనుక్కోండి, కాదన్ను, గాని పాటలో కొనండి. పదిమంది ముందర పైకి చెప్పి కొనండి. చాటుగా రేటు కట్టకండి. ఒక్క పదం జారకుండా చెప్పాను. ఆమె కళ్ళు మూసుకొని వింది.

"బాగున్నాది" అన్నది. "నువ్వు ఇన్నావా?"

"ఆ రోజే విన్నాను."

"జెట్టీ మీదున్నావా? నానంటంటే నీ సెవుల్తో ఇన్నావా?"

ఇటువంటి ప్రశ్నకు ఉజ్జాయింపు జవాబు ఉండదు. "లేదు అప్పా. నేను కంప్రెసరు గదిలో ఉన్నాను. తరువాత మీరు చెప్పగా విన్నాను."

"నానే సెప్పేనా?"

"మీరే చెప్పారు."

"ఇంకెవులన్నా ఇన్నోళ్ళున్నారా, ఇప్పుడు సెప్పేవోళ్ళు?"

లేరని చెప్పాను.

ఇంట్లోంచి కూతురు టీ తెచ్చి మంచం కోడు దగ్గర పెట్టి వెళ్ళింది.

"నా సరుక్కి నానే సాచ్చికం సెప్పుకుంతానేటి బాబూ" అన్నది నెమ్మదిగా. "సెల్లదు. ఒగ్గీ."

క్యాసెట్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆమె దాన్ని చూసి, "ఆపీ" అన్నది.

ఆపాను.